ముక్కలుగా దొరికే చిరునామా



2015 జనవరి నెలాఖరులో హైదరాబాద్ పాతబస్తీలో, తలాబ్‌కట్ట, భవానీనగర్ ప్రాంతాల్లో, దక్షిణ మండలం పోలీసులు ఇల్లిల్లూ సోదా చేశారు. అప్పటి డీసీపీ వి. సత్యనారాయణ ఆధ్వర్యంలో జరిగిన ఆ గాలింపులో రెండు వందల మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. దాదాపు అందరూ బిహార్ నుంచి వచ్చినవాళ్ళు. గాలీ వెలుతురూ అంతంతమాత్రంగా ఉండే గదుల్లో కూర్చుని గాజులు తయారు చేసే పని వాళ్ళది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో మనం బేరమాడి కొనే లక్క గాజుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కళగా ఆ గౌరవానికి అది అన్ని విధాలా తగినదే. కానీ వేడి లక్క మీద ఒక్కో రాయీ పొదిగిన వేళ్ళు ఎవరివి, ఏ వయసువి అన్నది గాజు మీద రాసి ఉండదు.

ఆ జనవరిలో పత్రికల నిండా ఆ పిల్లల వార్తలే. పోలీసులను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిన పనే. నేను ఈ పూట మాట్లాడదలుచుకున్నది మాత్రం ఆ తర్వాతి సంగతి. కార్ఖానా తలుపు తెరిచి పిల్లవాణ్ణి బయటికి తేవడానికి ఒక పూట చాలు. వాణ్ణి ఇంటికి చేర్చడానికి, చేర్చాక మళ్ళీ ఆ తలుపు దగ్గరికే రాకుండా చూడడానికి ఎన్ని చేతులు కలవాలో, ఆ చేతులు ఒకదానికొకటి ఎలా అందుతున్నాయో చెబుతాను.

బయటికి తెచ్చిన పిల్లవాణ్ణి ఇరవై నాలుగు గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని చట్టం చెబుతుంది. సమితి వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, “మీదే ఊరు నాయనా?” పిల్లవాడు ఊరి పేరు చెబుతాడు. ఆ పేరుతో బిహార్‌లో ఎన్నో ఊళ్ళుంటాయి. జిల్లా పేరు అడిగితే కొందరికి తెలియదు. తండ్రి పేరు చెబుతారు, ఇంటిపేరుండదు. ఫోన్ నంబరు గుర్తుంటే అదృష్టమే. కొందరికి ఊరు పక్కన ఆగే రైలు పేరు తెలుసు, కొందరికి సంత జరిగే వారం తెలుసు. అదీ మగహీలోనో భోజ్‌పురిలోనో చెబుతారు. వినేవాళ్ళకు వచ్చినది తెలుగు, దక్కనీ ఉర్దూ, కాస్త హిందీ. పిల్లవాడు బెదిరిపోయి ఉంటాడు. పోలీసులు అడిగితే ఏం చెప్పాలో యజమాని ముందే నేర్పి కూడా ఉండవచ్చు.

అలా ఆ బిడ్డ చిరునామా ముక్కలు ముక్కలుగా పడి ఉంటుంది. ఒక ముక్క పిల్లవాడి దగ్గర, ఒకటి వాణ్ణి తీసుకొచ్చిన దళారి దగ్గర, మరొకటి అక్కడెక్కడో ఠాణాలో తల్లి ఇచ్చిన ఫిర్యాదులో. ఇవి ఎప్పుడు ఒకచోట చేరితే అప్పుడే బిడ్డ ఇల్లు చేరేది. ఒకప్పుడు ఇదంతా ఉత్తరాల మీద, టెలిగ్రాముల మీద, అధికారుల ఓపిక మీద నడిచేది. నెలలు పట్టేది. కొందరి విషయంలో ఎప్పటికీ తేలేది కాదు. ఆ పిల్లలు శరణాలయాల్లోనే పెరిగి పెద్దయ్యేవారు.

ఇప్పుడు దేశానికంతటికీ కంప్యూటర్ల మీద నడిచే ఏర్పాట్లున్నాయి. ట్రాక్‌చైల్డ్ అనే పోర్టల్‌లో ఒకవైపు పోలీసులు తప్పిపోయిన పిల్లల వివరాలు ఎక్కిస్తారు, మరోవైపు బాలల గృహాల వాళ్ళు తమ దగ్గరికి చేరిన పిల్లల వివరాలు ఎక్కిస్తారు. రెండూ సరిపోల్చుకుంటారు. 2015 జూన్‌లో ఖోయా-పాయా వచ్చింది. తప్పిపోయిన బిడ్డ గురించి గానీ, కంటపడ్డ బిడ్డ గురించి గానీ మామూలు పౌరులు కూడా కబురు పెట్టడానికి అది వీలు కల్పించింది. తర్వాత ఈ రెండూ మిషన్ వాత్సల్య పోర్టల్ గొడుగు కిందికి వచ్చాయి. బాల కార్మికుల మీద ఫిర్యాదులకు కేంద్ర కార్మిక శాఖ 2017 సెప్టెంబరులో పెన్సిల్ అనే పోర్టల్ తెచ్చింది. పిల్లవాణ్ణి సొంత జిల్లాకు పంపే వ్యవహారమంతా చూడడానికి జాతీయ బాలల హక్కుల కమిషన్ ‘ఘర్’ అనే మరో పోర్టల్ పెట్టింది. పిల్లవాడి భాష తెలిసిన దుబాసీ కావాలని అవతలి రాష్ట్రాన్ని అడగడానికి కూడా అందులో దారి ఉంది. అన్నిటికన్నా నాకు బాగా నచ్చినది ఇదే. పిల్లవాడి భాషలో మాట్లాడే మనిషి ఫోన్‌లోనైనా దొరికితే, అప్పటిదాకా పెదవి విప్పని బిడ్డ ఊరి చెరువు గురించి, బడి గురించి, చెల్లెలి గురించి చెప్పడం మొదలుపెడతాడు.

ఇక మన తెలంగాణ పోలీసుల ‘దర్పణ్’. 2018లో వచ్చింది. తప్పిపోయిన పిల్లల ఫోటోలను దేశంలోని బాలల గృహాల్లో ఉన్న పిల్లల ఫోటోలతో ముఖ లక్షణాలను బట్టి పోల్చి చూసే సాధనం ఇది. దీని వల్ల జరిగిన ఒక మేలు చెప్పి తీరాలి. ఉత్తరప్రదేశ్‌లో, ఇప్పటి ప్రయాగ్‌రాజ్ జిల్లాలో, 2015లో ఒక అబ్బాయి తప్పిపోయాడు. ఆటిజం ఉన్న బిడ్డ, తన సంగతి తాను చెప్పుకోలేడు. అస్సాంలోని గోల్‌పారాలో ఒక బాలల గృహానికి చేరాడు. ఎలా చేరాడో చెప్పగలిగినవాళ్ళు లేరు. 2020లో దర్పణ్ ఆ రెండు ఫోటోలనూ కలిపింది. ఐదేళ్ళ తర్వాత కన్నవాళ్ళు బిడ్డను చూసుకున్నారు. ఫిర్యాదు ఉత్తరప్రదేశ్‌ది, బిడ్డ ఉన్నది అస్సాంలో, జత కుదిర్చింది హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్ళు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు తమ దగ్గరున్న వివరం ఎక్కించకపోయినా ఆ అబ్బాయి ఇప్పటికీ అక్కడే ఉండేవాడు.

కాకపోతే ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికత అంటే పాతబస్తీలో భయం కూడా ఉంది. 2021లో రోడ్డు మీద పోలీసులు ఆపి, మాస్కు తీయమని చెప్పి, తన ఫోటో తీసుకున్నారని పాతబస్తీకి చెందిన ఒక సామాజిక కార్యకర్త ఈ విధానాన్నే తెలంగాణ హైకోర్టులో సవాలు చేశారు. తప్పిపోయిన బిడ్డను వెతకడానికి వాడే పరికరమూ, దారిన పోయే మనిషిని పోల్చడానికి వాడే పరికరమూ ఒకే జాతివి. పిల్లల కోసం పోగుచేసిన ఫోటో పిల్లల పనికే వాడతారన్న నమ్మకం ఆ బస్తీల తల్లులకు కలగాలి. ఆ నమ్మకం లేకపోతే, బిడ్డ కనిపించని తల్లి ఠాణాకు వెళ్ళడానికే వెనకాడుతుంది. అక్కడితో గొలుసు మొదటి కొక్కెం దగ్గరే తెగిపోతుంది. తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ కేసు నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. అంటే ఠాణాలో తలుపు తెరిచే ఉండాలి. లోపలికి అడుగు పెట్టే ధైర్యం ఆ తల్లికి ఇవ్వవలసింది ఎవరు? ఆ పని పోర్టల్ చేయలేదు. ఆమె గల్లీలో తిరిగే సంస్థ మనిషి చేస్తుంది.

ఆ సంస్థల సంగతికి వస్తాను. సంస్థలు చేయి చేయి కలపడం పాతబస్తీకి ఇంటర్నెట్ నేర్పిన విద్య కాదు. 1990 మత అల్లర్ల గాయాలు పచ్చిగా ఉన్న కాలంలో, చిన్న చిన్న స్వచ్ఛంద సంఘాలన్నీ ఒక్కటిగా నిలబడాలని ‘కోవా’ అనే సమాఖ్య ఇక్కడే పుట్టింది. సుల్తాన్‌షాహీలో కవయిత్రి జమీలా నిషాత్ నడిపే ‘షాహీన్’ ఆడపిల్లలకు చదువు చెబుతూ, పనులు నేర్పుతూ, బాల్య వివాహాలను, గల్ఫ్ షేకులతో జరిగే ఒప్పంద పెళ్ళిళ్ళను అడ్డుకుంటూ వచ్చింది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ అయితే బడికి వెళ్ళని ప్రతి బిడ్డా బాల కార్మికురాలే, బాల కార్మికుడే అని దేశం చేత ఒప్పించడానికి దశాబ్దాలు శ్రమించింది. దాని సారథి శాంతా సిన్హాయే 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

నేను కాస్త ఎక్కువసేపు ఆగవలసింది మాత్రం మెహబూబ్ కీ మెహందీ దగ్గర. పాతబస్తీలో ఒకప్పటి వేశ్యావాటిక అది. 1996లో అక్కడి స్త్రీలను ఖాళీ చేయించారు. వాళ్ళ పిల్లలు తమలాగే ఆ వృత్తిలోకి జారకూడదని తల్లులు పడ్డ ఆరాటం చూసి, ఖాళీ అయిన ఆ వేశ్యావాటికలోనే సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కొద్దిమంది పిల్లలతో ఒక బడి పెట్టారు. అదే ‘ప్రజ్వల’. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, 2015లో, వాట్సాప్‌లో తిరుగుతున్న సామూహిక అత్యాచార వీడియోలు సునీతా కృష్ణన్ కంటపడ్డాయి. చేసినవాళ్ళే తీసి, పంచి, వినోదంగా తిప్పుతున్న వీడియోలు. ఆమె వాటిని జతచేసి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించింది. కేసు పేరే ‘ప్రజ్వల ఉత్తరం’. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి కంపెనీలు కోర్టుకు వచ్చి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆ విచారణలోంచే 2018 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ పోర్టల్ పుట్టింది. పిల్లల మీద, స్త్రీల మీద జరిగిన లైంగిక నేరాల దృశ్యాలు నెట్‌లో ఎక్కడ కనిపించినా, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయడానికి దాన్ని పెట్టారు. 2019లో దాన్నే అన్ని సైబర్ నేరాలకూ విస్తరించారు. ఇవాళ దేశంలో బ్యాంకు మోసం జరిగినా అందరూ తెరిచే జాతీయ సైబర్ నేరాల పోర్టల్ వెనక పాతబస్తీలో పుట్టిన ఒక సంస్థ రాసిన ఉత్తరం ఉంది. ఈ సంగతి హైదరాబాద్‌లోనే ఎంతోమందికి తెలియదు. తెలియాలి.

ఆ తర్వాత ఈ గొలుసు సముద్రాలు కూడా దాటింది. తప్పిపోయిన, వేధింపులకు గురయ్యే పిల్లల కోసం అమెరికాలో పనిచేసే జాతీయ కేంద్రంతో మన జాతీయ నేర రికార్డుల బ్యూరో 2019లో ఒప్పందం చేసుకుంది. పెద్ద పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు తమ వేదికల మీద దొరికిన ఇలాంటి దృశ్యాలను ఆ కేంద్రానికి నివేదిస్తాయి. అందులో మన దేశానికి సంబంధించినవి ఢిల్లీకి, అక్కడి నుంచి ఆయా రాష్ట్రాల పోలీసులకు చేరతాయి. ఒకసారి గుర్తించిన చిత్రానికి ఒక సంఖ్యా ముద్ర వేసి ఉంచుతారు. ఆ చిత్రం మళ్ళీ ఎక్కడ తలెత్తినా మనిషి కళ్ళతో చూడనక్కర లేకుండానే పట్టుకోవడానికి అది పనికొస్తుంది. ఇలా మళ్ళీ గుర్తుపట్టడం కోసం సంస్థలు పరస్పరం పంచుకునేది చిత్రాన్ని కాదు, ఆ ముద్రను. ఆ బిడ్డ అవమానం పదిమంది అధికారుల బల్లల మీద తిరగకుండా కాపాడే పద్ధతి ఇది.

ఏది పంచుకోవాలి, ఏది పంచుకోకూడదు అన్నది ఈ పని మొత్తానికీ ఆయువుపట్టు. దీన్ని పాతబస్తీ చాలా ఘోరంగా అనుభవించింది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వీడియోలు, ఫోటోలు, గొంతు సందేశాలు వెల్లువెత్తాయి. అన్నీ పుకార్లే. పంపినవాళ్ళలో చాలామంది తమ పిల్లల మీద భయంతోనే పంపారు. ఆ నెల చివర చాంద్రాయణగుట్టలో, రంజాన్ మాసంలో యాచించడానికి మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళల మీద గుంపు విరుచుకుపడింది. వారిలో ఒకరు చనిపోయారు. పిల్లల రక్షణ పేరుతో ఒక నిరపరాధిని చంపేశారు. ఆ ఏడాది దేశంలో చాలాచోట్ల అలాగే జరిగాక, జూలైలో వాట్సాప్ ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా మన దేశంలో హద్దు పెట్టింది.

ఆ ఫార్వర్డుకూ, నేను ఇంతసేపూ చెప్పిన పోర్టల్‌కూ తేడా ఒక్కటే. పోర్టల్‌లో వేసిన వివరానికి బాధ్యుడుంటాడు. ఎవరు ఎక్కించారు, ఎవరు చూశారు, ఎవరు సరిచూశారు అన్నది నమోదై ఉంటుంది. ఫార్వర్డుకు తల్లీ తండ్రీ ఉండరు. అందుకే పిల్లల ఫోటో గుంపుల్లో తిప్పడం మంచి పని అని నేను ఒప్పుకోలేను, ఎంత మంచి మనసుతో చేసినా సరే. దొరికిన బిడ్డ ఫోటో ఊరంతా తిరిగితే ఆ బిడ్డను అమ్మినవాడు కూడా చూస్తాడు. ఎక్కడుందో అతనికీ తెలుస్తుంది. ఇల్లు చేరాక కూడా ఆ ఫోటో చావదు. పదేళ్ళ తర్వాత పెళ్ళి సంబంధాల వేళ ఎవరి ఫోన్‌లోంచో లేస్తుంది. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల పేరూ, ఊరూ, ముఖమూ బయటపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

సంస్థలు వివరాలు పంచుకోవడంలో మరో ప్రయోజనం చెప్పకపోతే మాట సగమే అవుతుంది. కార్ఖానా యజమానులు అనేకసార్లు చెప్పే జవాబు, “వీడు మా అక్క కొడుకండీ, సెలవుల్లో వచ్చాడు.” 2016లో సవరించిన చట్టం పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదంది, కానీ బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ కుటుంబ పనిలో సాయపడవచ్చని ఒక సందు వదిలింది. కుటుంబం అన్న నిర్వచనంలోకి మేనమామ, బాబాయి, పిన్ని, మేనత్త కూడా వస్తారు. ఆ సందులోంచి ఎంతోమంది ‘మేనమామలు’ పుట్టుకొచ్చారు. అది ప్రమాదకరం కాని పనికే వర్తిస్తుందన్నది వాళ్ళకు పట్టదు. హైదరాబాద్‌లో కూర్చున్న కార్మిక శాఖ అధికారి అది నిజమో అబద్ధమో ఎలా తేల్చగలడు? బిహార్‌లో ఆ జిల్లా బాలల పరిరక్షణ విభాగం మనిషి ఆ ఊరికి వెళ్ళి, పిల్లవాడి తల్లిని చూసి, బడి హాజరు పట్టీ తీయించి, ఇక్కడికి కబురు పెడితేనే తేలుతుంది. ఆ పిల్లవాడి పేరు అక్కడి బడి పుస్తకంలో రెండేళ్ళుగా లేకపోతే సెలవుల కథ అక్కడే ముగుస్తుంది.

తిరిగి పంపిన తర్వాత ఏమైందన్న కబురు మాత్రం అన్నిటికన్నా బలహీనంగా ఉంది. పిల్లవాణ్ణి రైలెక్కించి, ఆ రాష్ట్ర అధికారులకు అప్పగించి, సంతకాలు తీసుకోగానే ఇక్కడ ఫైలు మూతపడుతుంది. ఇంట్లో అప్పు అలాగే ఉంటుంది. దళారి అదే ఊళ్ళో ఉంటాడు. వెట్టి చాకిరీలో ఉన్నట్టు తేలిన బిడ్డకు కేంద్ర పథకం కింద రెండు లక్షల రూపాయల పునరావాస సాయం ఉంది. అయితే ప్రధాన మొత్తాన్ని యజమానికి శిక్ష పడడంతో ముడిపెట్టారు. కేసు నడిచేది హైదరాబాద్ కోర్టులో, సాక్షి అయిన పిల్లవాడు ఉండేది గంగ ఒడ్డున ఏదో పల్లెలో. వీడియో ద్వారా సాక్ష్యం ఇప్పించడానికి ఈ జిల్లా, ఆ జిల్లా కలిసి తేదీ కుదుర్చుకోకపోతే కేసు వీగిపోతుంది, డబ్బూ అందదు, బిడ్డ మళ్ళీ రైలెక్కుతాడు. ప్రతి జనవరిలో ఆపరేషన్ స్మైల్, ప్రతి జూలైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి, పిల్లలు దొరుకుతూనే ఉంటారు. దొరికిన వాళ్ళలో ఇదివరకు దొరికినవాళ్ళు ఎందరో కూడా అదే ప్రకటనలో చెప్పాలని నా కోరిక. ఆ లెక్క ఇబ్బందిగా ఉంటుంది నిజమే, కానీ ఎక్కడ కుట్టు విడిపోతోందో దాన్ని బట్టే తెలుస్తుంది.

1098 గురించి కూడా చెప్పాలి. 1996లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాజెక్టుగా జెరూ బిల్లిమోరియా మొదలుపెట్టిన చైల్డ్‌లైన్ ఫోన్ నంబరు అది. ఇరవై ఏళ్ళకు పైగా ఊరూరా స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఆ పిలుపుకు పరిగెత్తారు. 2023 నుంచి ఆ సేవను ప్రభుత్వమే చేతిలోకి తీసుకుని 112తో కలిపింది. ప్రభుత్వం బాధ్యత తీసుకోవడం మంచిదే. కానీ ఏ గల్లీలో ఏ తలుపు కొట్టాలో, ఏ పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళితే ఆ ఇంట్లో నోరు విప్పుతారో ఎరిగిన ఆ కార్యకర్తల అనుభవం ఏ పోర్టల్‌లోనూ లేదు. వాళ్ళను పిలిచి కూర్చోబెట్టి, కొత్తగా చేరిన ఉద్యోగులకు నేర్పించాలి. తెలుగులోనే కాదు, పాతబస్తీలో మాట్లాడే ఉర్దూలోనూ.

ఇందాక గల్ఫ్ షేకుల పెళ్ళిళ్ళ మాట వచ్చింది. 1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళుతున్న విమానంలో పదేళ్ళ పాతబస్తీ బాలిక ఒకతె, అరవై ఏళ్ళ సౌదీ మనిషి పక్కన కూర్చుని ఏడుస్తుంటే అమృతా అహ్లూవాలియా అనే ఎయిర్ హోస్టెస్ గమనించింది, అడిగింది, విషయం పోలీసులకు చేరవేసింది. అప్పుడు పోర్టల్ లేదు, హెల్ప్‌లైన్ లేదు. ఇప్పుడు మీ ఫోన్‌లోనే అన్నీ ఉన్నాయి కాబట్టి, ఫోన్ చేస్తే ఏం చెప్పాలో చెప్పి ముగిస్తాను. 1098 గానీ 112 గానీ. మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి. పిల్లలు ఎక్కడ కనబడ్డారో దగ్గరి మసీదో, గుడో, కిరాణా కొట్టో గుర్తుగా చెప్పండి. ఎంతమంది, సుమారు ఏ వయసు, ఏ భాష మాట్లాడుతున్నారు, ఏ వేళప్పుడు గదిలోకి తీసుకెళతారు, తాళం బయటి నుంచి వేస్తున్నారా, వాళ్ళను తెచ్చే బండి నంబరు తెలుసా, ఇవి చెప్పండి. మీరు వెళ్ళి యజమానిని నిలదీయవద్దు, ఆ రాత్రికే పిల్లల్ని మరో చోటికి మార్చేస్తారు. ఫోటో తీసి ఎవరికీ పంపవద్దు. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేసి, ఏమైందని అడగండి.